ఫ్లింట్‌లాక్ వేటకు రెడీమేడ్ లాంగ్‌హంటర్ సెట్టు: ఫొటో చూసి కాదు, గుడ్డ చూసి కొనండి

మజిల్‌లోడర్‌తో (తుపాకీ మందు, గుండు మూతి నుంచి దట్టించే పాతకాలపు తుపాకీతో; వాటిలో చెకుముకి రాయి రవ్వతో పేలేది ఫ్లింట్‌లాక్) వేటకెళ్లేవాళ్ల కోసం అమెరికాలో సట్లర్లు, అంటే ఆ కాలపు తరహా బట్టలు, సామాన్లు అమ్మేవాళ్లు, అమ్మే ‘లాంగ్‌హంటర్ సెట్టు’లో మామూలుగా ఏడు వస్తువులుంటాయి: లోపలి చొక్కా, వెయిస్ట్‌కోటు, పైన వేసుకునే హంటింగ్ ఫ్రాక్, మోకాళ్ల దగ్గర ఆగే బ్రీచెస్, ఉన్ని లెగ్గింగ్స్, మొకాసిన్లు (మెత్తటి తోలు పాదరక్షలు), ఫెల్ట్ (ఒత్తి దట్టం చేసిన ఉన్ని లేదా బొచ్చు) టోపీ. 1760-1785 మధ్య పెన్సిల్వేనియా, వర్జీనియా కొండల సరిహద్దుల్లో తిరిగిన ‘లాంగ్‌హంటర్’ వేటగాడి దుస్తులివి. సెట్టుగా తీసుకుంటే విడివిడిగా కొన్నదానికన్నా చౌక అంటారు. నిజమే, చౌకే. ఆ తగ్గింపు ఏ వస్తువులో నుంచి కోశారో చూసుకోవడమే కొనేవాడి పని.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఫ్రాక్, లెగ్గింగ్స్ అసలైన గుడ్డతో కుట్టినవైతే డిసెంబరు అడవిలో ఇప్పటి వేట జాకెట్లకు ఏమీ తీసిపోవు, చప్పుడు విషయంలో వాటికన్నా నయం కూడా. చొక్కా, వెయిస్ట్‌కోటు ఫరవాలేదు. సెట్టులో వచ్చే మొకాసిన్లు, టోపీ మాత్రం దండగ. అవి తీసేసి మిగతావి ఇస్తామనే అమ్మకందారు దొరికితే వదలొద్దు.

కొనేముందు తుపాకీ ఏ కాలానిదో, బట్టలు ఏ కాలానివో సరిచూసుకోండి. పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ (లాంగ్‌హంటర్ల కాలపు పొడుగు గొట్టం తుపాకీ) పట్టుకుని 1825-1840 నాటి రాకీ పర్వతాల ట్రాపర్లు (బొచ్చు కోసం ఉచ్చులు పన్నేవాళ్లు) వేసుకున్న కుచ్చుల తోలు చొక్కా తొడుక్కుంటే రెండూ అతకవు. కాలం మాట అలా ఉంచినా, తోలు చొక్కా తడి అడవికి పనికిరాదు. సరిహద్దు పల్లెల జీవితం గురించి 1824లో రాసిన జోసెఫ్ డాడ్రిడ్జ్ కూడా తోలు ఫ్రాక్ తడి వాతావరణంలో చలి పుట్టిస్తుందనే చెప్పాడు. అతని లెక్కన ఎక్కువమంది వేసుకున్నది లిన్సీ, అంటే నార పడుగు, ఉన్ని పేక కలిసిన నేత. కొందరిది ముతక నార. తోలు వేసుకున్నది ఏ కొద్దిమందో.

గుడ్డ దగ్గరే అసలు మోసం జరుగుతుంది. ‘ఆస్నబర్గ్’ అని రాసి ఉంటే నార అనుకుంటాం. పద్దెనిమిదో శతాబ్దంలో అది ముతక నారే. ఇవాళ ఆ పేరుతో బట్టల కొట్లలో దొరికేది దాదాపు ఎప్పుడూ పత్తి. చౌక సెట్టులోని ఫ్రాక్ ఆ పత్తితోనే కుడతారు, ఫొటోలో తేడా కనిపించదు. అడవిలో కనిపిస్తుంది: పత్తి నీళ్లు పీల్చి పట్టుకుంటుంది, ఆరడానికి ఒక పూట పడుతుంది, లోపలి ఉన్నిని కూడా తడిపి బరువెక్కిస్తుంది. నార కూడా పీలుస్తుంది గానీ త్వరగా వదిలేస్తుంది, గాలి తగిలితే చాలు. ఒంటికి వెచ్చదనం మాత్రం నార ఇవ్వదు, పత్తీ ఇవ్వదు. అది లోపలున్న ఉన్ని పని. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పట్టుకుని కూడా ఒంటికి తడిగా తగలదు.

పరీక్ష తేలికే. మడత లోపలి నుంచి ఒక పోగు లాగి, పురి విప్పి, నెమ్మదిగా తెంపండి. నార అయితే తెగిన చోట పొడుగ్గా, సూదిగా పీచు మిగులుతుంది. పత్తి అయితే పొట్టిగా, మెత్తగా కుచ్చులా విచ్చుకుంటుంది. అంటించి చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు, రెండూ కాగితం కాలిన వాసనే. అయితే ఉన్ని అని అమ్మే గుడ్డకు ఆ పరీక్ష పనికొస్తుంది. ఉన్ని జుట్టు కాలిన వాసనతో కమిలి, మంట తీసేయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. గట్టి పూసలా ముద్దకడితే అందులో నైలానో పాలిస్టరో ఉన్నట్టు. ఇంకా ఖాయంగా తెలియాలంటే చిన్న ముక్కను క్లోరిన్ బ్లీచ్‌లో రాత్రంతా ఉంచండి. ఉన్ని మొత్తం కరిగిపోతుంది, గిన్నెలో ఏం మిగిలితే అదే కల్తీ. అమ్మేవాళ్లను నమూనా ముక్క అడిగితే పంపుతారు. పంపనంటే కారణం అర్థమయ్యే ఉంటుంది.

ఇందులో చాదస్తం ఏమీ లేదు. ఫ్లింట్‌లాక్ అంటే ముఖానికి జానెడు దూరంలో నిప్పురవ్వలు, పాన్‌లో (అంటించే మందు పోసే చిన్న గిన్నెలో) భగ్గుమనే మందు. రవ్వ పడితే ఉన్ని కమిలి ఊరుకుంటుంది. సింథటిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. లోపల వేసుకునే ఇన్నర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. చలికి కనిపించకుండా ఆధునిక ఉన్ని ఇన్నర్ వేసుకుంటే తప్పులేదు, పాలిస్టర్ ఫ్లీస్ వద్దు.

ఫ్రాక్ బరువు విషయానికొస్తే, చదరపు గజానికి 7-8 ఔన్సుల నార సరైనది. చొక్కాకి 5 ఔన్సులు చాలు. చౌక సెట్లలో రెండూ ఒకే తాను నుంచి కత్తిరిస్తారు కాబట్టి అయితే చొక్కా గోనెలా, లేకపోతే ఫ్రాక్ దోమతెరలా తయారవుతుంది.

కత్తిరింపులో చూడాల్సింది ముందు భాగం ఒకదాని మీద ఒకటి ఎంత వస్తుందన్నది. డాడ్రిడ్జ్ వర్ణించిన ఫ్రాక్‌కి గుండీలు లేవు. ముందు మొత్తం తెరుచుకుని, బెల్టు కట్టినప్పుడు అడుగు, అంతకుపైనే ఒకదాని మీద ఒకటి పడేది. పొడవు తొడ మధ్య దాకా. ఆ అడుగు వెడల్పు ఊరికే పెట్టింది కాదు. గాలిని ఆపేది అదే, బెల్టు పైన ఏర్పడే సందు జేబుగా పనికొచ్చేదీ అదే. రొట్టె, ఎండు మాంసం, బారెల్ తుడిచే నార పీచు అందులోనే పెట్టుకునేవాళ్లు. చాలా రెడీమేడ్ ఫ్రాకుల్లో గుడ్డ మిగల్చడానికి ఈ మడతను నాలుగైదు అంగుళాలకు కుదిస్తారు. తుపాకీ భుజానికెత్తగానే ముందు తెరుచుకుంటుంది, బెల్టు కింద గుడ్డ మెలిపడుతుంది. ఆర్డరిచ్చేటప్పుడు ఛాతీ కొలత చొక్కా మీద కాక వెయిస్ట్‌కోటు, ఉన్ని ఇన్నర్ వేసుకుని తీసుకోండి. దానికి పది, పన్నెండు అంగుళాలు కలపండి. వదులుగా ఉందని భయపడొద్దు. 1776 జూలై 24న జార్జ్ వాషింగ్టన్ తన సైన్యానికి హంటింగ్ షర్టులను (ఈ ఫ్రాక్‌కే ఇంకో పేరు) సిఫారసు చేసిన ఉత్తర్వులో చూపిన కారణాల్లో ఇదొకటి: పైబట్ట మార్చకుండానే లోపల బట్టలు వేసుకుంటూ తీస్తూ ఎండకూ చలికీ సర్దుకోవచ్చు. ఇరుకు ఫ్రాక్‌తో అది కుదరదు.

కుచ్చుల గురించి అమ్మేవాళ్లు గొప్పగా చెప్తారు. భుజాల మీది కేప్ అంచుకీ, ముందు అంచులకీ, కింద అంచుకీ కుచ్చులుంటే అందం, వాన నీరు కాస్త జారిపోతుంది కూడా. కుడి మణికట్టు దగ్గర ఉన్నవి మాత్రం మొదటి రోజే కత్తిరించేయండి. పోగులు విప్పిన నార అంటే నిప్పు రాజేసుకునే పీచే, దాన్ని పాన్‌కి ఆరంగుళాల దూరంలో వేలాడదీయడం తెలివి కాదు. దానికన్నా తరచుగా జరిగే ఇబ్బంది ఇంకొకటుంది. తుపాకీని మోచేతి మడతలో పెట్టుకుని నడుస్తుంటే కేప్ కుచ్చు లాక్ (తుపాకీని పేల్చే యంత్రం) మీద పడుతుంది. ప్రైమింగ్ (పాన్‌లోని మందు) చూసుకుందామని ఫ్రిజెన్, అంటే పాన్ మీది ఉక్కు మూత, తెరిచి మూస్తాం. ఒక్క పోగు దాని కింద ఇరుక్కుంటుంది. కంటికి మూసుకున్నట్టే ఉంటుంది, కానీ వెంట్రుకవాసి సందు మిగిలింది. ఫోర్ ఎఫ్ అనే రకం ప్రైమింగ్ మందు ఇసకలా సన్నం, నడిచే కొద్దీ ఆ సందులోంచి రాలిపోతుంది. లేదా ఆ పోగే ఒత్తిలా మంచు తేమను పాన్‌లోకి లాగుతుంది. గంట తర్వాత జింక ఎదురుపడితే టక్‌మన్న చప్పుడు తప్ప ఏమీ ఉండదు, తప్పు చెకుముకి రాయి మీద వేస్తారు. కేప్ కుచ్చు అంగుళం మించకుండా కత్తిరించుకోవాలి, ఫ్రిజెన్ మూసిన ప్రతిసారీ బొటనవేలితో అంచు తడిమి చూడాలి. లాక్ మీద కట్టే కొవ్వు పట్టించిన తోలు కవరు, కౌస్ నీ అంటారు, సెట్టులో ఇవ్వరు. విడిగా కొనాల్సిందే, చేసుకోవడం కూడా కష్టం కాదు.

రంగు. అమ్మకానికి ఎక్కువగా పెట్టేవి మూడు: తెల్లనార, వాల్‌నట్ గోధుమ, ఇండిగో నీలం. చరిత్ర ప్రకారం మూడూ సరైనవే. వేటకు వాల్‌నట్టే మేలు. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగ్గా తెలియవు కానీ నీలం మనకన్నా బాగా తెలుస్తుంది. అతినీల లోహిత కాంతి కూడా కొంత పడుతుంది. అందుకే ఇండిగో ఫ్రాక్ సాయంత్రం వెలుగులో పైకి తేలుతుంది. తెల్లనారకు ఇంకో చిక్కు: చాలా ఆధునిక డిటర్జెంట్లలో తెల్లగా మెరిపించే పదార్థాలుంటాయి. వాటితో ఒక్కసారి ఉతికినా అతినీల కాంతిలో గుడ్డ వెలుగుతుంది. అవి లేని సబ్బుతోనే ఉతకాలి. కొన్న ఫ్రాక్ తెల్లదైతే వాల్‌నట్ తొక్కలు నానబెట్టిన నీళ్లలో ఇంట్లోనే రంగు వేసుకోవచ్చు. తొక్కలోని రంగు వేరే కట్టుమందు లేకుండానే నారకు పడుతుంది, తుప్పు మేకులు వేస్తే ముదురుతుంది. రంగు చారలు చారలుగా వచ్చినా అడవిలో అదే మంచిది.

తెలుపు గురించి ఇంకా ముఖ్యమైన సంగతి, ప్రాణానికి సంబంధించింది. వైట్‌టెయిల్ జింకను వేటగాళ్లు గుర్తుపట్టేది తెల్లని తోకతో, గోధుమ ఒంటితో. గోధుమ తోలు రంగు బట్టలు, తెల్లని చొక్కా అంచు, బొచ్చు టోపీ, ఈ మూడూ పొదల మధ్య కదిలితే ఎదుటివాడికి ఏం కనబడుతుందో వేరే చెప్పాలా? ఏ సెట్టు ప్రకటనలోనూ ఈ మాట ఉండదు. పెన్సిల్వేనియా సాధారణ తుపాకీ సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ ఆరెంజ్ తప్పనిసరి. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి కూడా 500 చదరపు అంగుళాలు, టోపీతో సహా కావాలి, ఫ్లోరోసెంట్ గులాబీ రంగైనా ఒప్పుకుంటారు. మ్యాడర్ మొక్క వేరుతో వేసిన నారింజ రంగు లెక్కలోకి రాదు, ఫ్లోరోసెంటే కావాలి. సీజన్ సీజన్‌కీ నియమం మారుతుంది, కాబట్టి ఆ ఏటి వేట నిబంధనల పుస్తకం చూసుకోవాల్సిందే. ఫ్రాక్ మీద బొందులతో కట్టుకునే వెస్టు, టోపీ మీద తొడిగే కవరు విడిగా సంచిలో పెట్టుకోండి. వేషం చెడుతుందంటారా, చెడనివ్వండి. చట్టం అడగని సీజన్లలో కూడా కూర్చున్న చోటి నుంచి లేచి నడిచేటప్పుడు, వేటాడిన జింకను లాక్కొచ్చేటప్పుడు వెస్టు వేసుకోవడం మంచిది.

లోపలి చొక్కా చతురస్రాలు, దీర్ఘచతురస్రాలుగా కత్తిరించి కుట్టేది. చంక కింద విడిగా చతురస్రపు ముక్క ఉందో లేదో చూడండి. అది లేకపోతే తుపాకీ ఎత్తగానే చొక్కా మొత్తం పైకి లేస్తుంది. వెయిస్ట్‌కోటు ఉన్నిదైతే చాలు. ప్యూటర్ (తగరం కలిసిన లోహం) గుండీలు తుపాకీ కర్రకు తగిలి టిక్కుమంటాయి, గీతలు కూడా పెడతాయి. కొమ్ము గుండీలు మార్పించుకోండి.

బ్రీచెస్ వెనక భాగం కావాలనే సంచిలా వదులుగా ఉంటుంది, కూర్చోవడానికి. అది లోపం అనుకుని తిప్పి పంపేవాళ్లున్నారు. మోకాలి పట్టీ బిగువే అసలు చూసుకోవాల్సింది. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే చెట్టు మొదట్లో గంట కూర్చునేసరికి పాదాలు తిమ్మిరెక్కి చల్లబడతాయి.

సెట్టు మొత్తంలో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇచ్చేవి లెగ్గింగ్స్. చీలమండ నుంచి తొడ మధ్య దాకా వచ్చే ఉన్ని గొట్టం, పక్క కుట్టు బయటివైపు, కుట్టు దాటి రెండంగుళాల రెక్క. పైన తోలు వారుతో నడుం బెల్టుకు కట్టుకోవాలి, మోకాలి చిప్ప కిందుగా గార్టర్‌తో, అంటే కాలికి చుట్టే పట్టీతో, బిగించాలి. గార్టర్ చిప్ప పైన కడితే పది అడుగుల్లో జారుతుంది. పిక్క ఉబ్బు పైన, చిప్ప కింద ఉన్న సన్నని చోటే దాని జాగా. గుడ్డ బాగా కుదించి దట్టం చేసిన ఉన్ని కావాలి, గజానికి 16 ఔన్సులకు తగ్గకూడదు. అలాంటిదైతే కత్తిరించిన అంచు మడిచి కుట్టకపోయినా పోగులు విడవదు. కత్తెరతో ఒక మూల కత్తిరించి గోరుతో గీరితే తెలిసిపోతుంది. ముళ్లపొదల్లో ఇప్పటి నైలాన్ ప్యాంటు చేసే బరబర చప్పుడు ఉండదు, పొడి మంచు దులిపితే రాలిపోతుంది. పల్లేరు కాయల్లాంటివి మాత్రం అంటుకుంటాయి, ఆ రెక్కకు మరీ ఎక్కువ. పిక్క దగ్గర వదులు ఎక్కువైతే రెండు కాళ్లూ రాసుకుని చప్పుడొస్తుంది కాబట్టి కుట్టు రేఖ కాలి వంపును అనుసరించాలి. నిటారుగా గొట్టంలా కుట్టినవి సగం సెట్లలో ఉంటాయి. వాటిని తిరగేసి కాలికి పెట్టి గుండుసూదులతో కొత్త రేఖ గుర్తించి మళ్లీ కుట్టడం గంట పని.

మొకాసిన్ల దగ్గర సెట్టు బోల్తా పడుతుంది. పలచని, క్రోమ్ పదును పెట్టిన మెత్తటి తోలుతో, ఒకే అరికాలి పొరతో వస్తాయి. ఇంట్లో తొడుక్కుంటే హాయిగా ఉంటాయి. తడిసిన ఓక్ ఆకుల మీద పల్లంలోకి దిగేటప్పుడు మడమ ముందు ఆనుతుంది, ఆకుల పొర కింది పొర మీద జారుతుంది, నున్నని తోలు ఆ పై పొరతోపాటే వెళ్లిపోతుంది, చేతిలో మందు దట్టించిన తుపాకీ ఉంటుంది. పాదం అడ్డంగా పెట్టి దిగడం ఒక్కటే ఉపాయం. తడి సంగతి డాడ్రిడ్జ్ కాలంలోనే తేలిపోయింది: వానలో మొకాసిన్ వేసుకోవడం మర్యాదగా చెప్పులు లేకుండా నడవడమేనని ఆనాటివాళ్లే నవ్వుకునేవాళ్లట. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో, పొడి మంచు మీద, లోపల దుప్పటి ఉన్ని చుట్టుకుంటే అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, అడుగు చప్పుడే రాదు. 35 డిగ్రీల బురద మంచులో మాత్రం అరగంటలో పాదాలు మొద్దుబారతాయి. కాబట్టి మందపాటి తోలుతో, విడి అరికాలు కుట్టినవి వేరేగా కొనండి. రెండు జతల ఉన్ని మేజోళ్లు, ఫెల్ట్ ఇన్‌సోల్ పట్టేంత పెద్ద సైజు తీసుకోండి. తేనెమైనం, పశువుల కొవ్వు కలిపి పట్టిస్తే నీళ్లు ఆలస్యంగా దిగుతాయి, ఆగిపోవు. బురద సీజన్‌కి అడుగున మేకులు కొట్టిన బకిల్ షూ కూడా ఆ కాలానిదే, పరువు పోదు. ట్రీస్టాండ్ (చెట్టు మీది వేట మంచె) మెట్లు మాత్రం మొకాసిన్లతో ఎక్కొద్దు. ఈ బట్టలు నేల మీద వేటకే.

టోపీ చౌక సెట్టులో ఉన్ని ఫెల్ట్‌ది ఇస్తారు. మొదటి వానకే అంచు వాలిపోతుంది, ఆరాక చిన్నదవుతుంది. కుందేలు లేదా బీవర్ బొచ్చు ఫెల్ట్ ఖరీదెక్కువ, ఆకారం మాత్రం నిలుస్తుంది. అంచు మూడంగుళాలు దాటితే, వెనక కర్ర బాగా కిందికి వంగిన లాంగ్‌రైఫిల్ మీద చెంప ఆనించినప్పుడు అంచు చూపుకు అడ్డొస్తుంది. గురిపెట్టే కంటివైపు అంచును పైకి మడిచి రెండు కుట్లు వేసుకుంటే సరి.

బట్టలన్నీ వచ్చాక బెల్టు, సంచి, మందు కొమ్ము వేసుకుని ఖాళీ తుపాకీతో దట్టించే పనంతా ఒకసారి చేసి చూడండి. సంచి మోచేతికి సరిగ్గా కింద ఆగాలి. అంతకన్నా కిందికి వేలాడితే ప్రతి అడుగుకీ తొడకు కొట్టుకుంటుంది, ప్యాచ్ (గుండు చుట్టూ పెట్టే గుడ్డముక్క) కోసం వంగాల్సి వస్తుంది. కొమ్ము కేప్ అంచు కింద దాగితే తేమ నుంచి రక్షణ. కానీ కొలపాత్రలో మందు పోసేటప్పుడు ఫ్రాక్ చెయ్యి దానికి అడ్డంపడితే మణికట్టు పట్టీకి ఇంకో గుండీ, కాజా వేయించి బిగించాలి.

కొత్త నార మొదటి ఉతుకులో 5 శాతం దాకా పొట్టిదవుతుంది. 24 అంగుళాల చెయ్యి మీద అది అంగుళం పైచిలుకు. ముందే ఉతికిన గుడ్డతో కుట్టారా అని అడిగి, లేదంటే చెయ్యి ఆ మేరకు పొడుగు పెట్టించండి. వేట నుంచి వచ్చాక మందు మసి అంటిన చోట్లు ముందు చన్నీళ్లలో సబ్బుతో రుద్దాలి. ఉన్ని బట్టలను దండెం మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. మొకాసిన్లను పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, లోపల కాగితాలు కుక్కి గదిలో ఒక మూల వదిలేయండి, కాగితం తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండాలి.

ఇవన్నీ చేత్తో తడిమి ఎంచుకోవాలంటే 1933లో పుట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో జరిపే పోటీలకు వెళ్లండి. అక్కడ సట్లర్లు వరసగా కొట్లు పెడతారు. ఒక కొట్లో ఫ్రాక్, ఇంకో కొట్లో టోపీ తీసుకోవచ్చు, పోగు లాగి చూస్తానన్నా అక్కడ ఎవరూ విచిత్రంగా చూడరు.